గోలీల లెక్క – గుర్దాల జబ్బులో మందు మోతాదు

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా సీతాఫల్‌మండిలో జరిగిన సభలో ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటేటా ఈ సభలో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళి ఖర్చులు తగ్గించుకోవడం గురించి పెద్దలు చెబుతూ వస్తున్నారు. ఈసారి ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు మమ్మల్ని కోరారు. ఆరోగ్యం అంటే చాలా పెద్ద విషయం. అందులోంచి ఒక్క చిన్న సంగతి తీసుకున్నాము. మూత్రపిండాలకు, అంటే మనం ఇళ్ళల్లో గుర్దాలు అనేవాటికి, ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు నోటితో మింగే యాంటీబయాటిక్ గోలీలు ఎంత వేసుకోవాలి, ఎన్ని గంటలకొకసారి వేసుకోవాలి, ఎన్ని రోజులు వేసుకోవాలి అన్నదే ఆ సంగతి. ఇది డాక్టర్ల పని గదా, మాకెందుకు అని ఎవరైనా అనవచ్చు. చీటీ రాసేవరకు అది డాక్టరు పని. చీటీ చేతికొచ్చిన తరువాత గోలీ కొనేది మనం, మింగేది మనం, మధ్యలో ఆపేసేది కూడా మనమే. జబ్బు ముదిరేది ఎక్కువగా అక్కడే.

ముందు జబ్బు సంగతి చెప్పుకుందాం. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళవలసి రావడం, పొత్తికడుపులో నొప్పి – ఇవి మూత్రాశయంలో, అంటే కింది తిత్తిలో, సూక్ష్మజీవులు చేరిన గుర్తులు. వీటిని తెచ్చేది చాలావరకు ఎషెరీషియా కోలై అనే సూక్ష్మజీవి. అది మన పేగుల్లో ఉండేదే. ఆడవారిలో మూత్రనాళం పొట్టిది కాబట్టి వారికి ఈ బాధ ఎక్కువ. ఈ సూక్ష్మజీవులు పైకి ఎక్కి గుర్దాలను చేరితే కథ మారిపోతుంది. చలి పెట్టి వణికించే జ్వరం వస్తుంది. నడుముకు ఒక పక్కన, పక్కటెముకల కింద పోటు వస్తుంది. వాంతులవుతాయి. ముసలివారిలో ఒక్కోసారి జ్వరం లేకుండా మాట తడబడడం, మనుషులను పోల్చుకోలేకపోవడమే కనిపిస్తుంది. సూక్ష్మజీవులు గుర్దా నుంచి రక్తంలోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. షుగరు వ్యాధి ఉన్నవారికి ఈ అపాయం మరీ ఎక్కువ. మన బస్తీలో షుగరు లేని ఇల్లు ఏదని అడిగితే జవాబు చెప్పడం కష్టమే!

ఇక ఇళ్ళల్లో జరిగేది చూద్దాం. ఒక ఇల్లాలికి చలిజ్వరం వచ్చింది, నడుము పోటు వచ్చింది అనుకోండి. ఇంట్లో పని ఆగదు. మూత్రం సంగతి మగవారితో చెప్పడానికి మొహమాటం. రెండు రోజులు ఓర్చుకుంటుంది. మూడోనాడు కొడుకును పిలిచి, బేటా, మెడికల్ షాపుకు పోయి పేషాబ్ మంటకు గోలీ తీసుకురా అంటుంది. షాపతను నాలుగు గోలీలు కత్తిరించి ఇస్తాడు. రెండు పూటలకు జ్వరం దిగుతుంది. మిగిలిన రెండూ అలమారులోకి పోతాయి, మరొకసారికి పనికొస్తాయని. పది రోజులకు జ్వరం మళ్ళీ వస్తుంది. ఈసారి ఆ గోలీకి లొంగదు. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. అన్ని మతాలవారి ఇళ్ళల్లోనూ జరుగుతున్నదే.

ఇందులో మొదటి పొరపాటు గోలీ పేరులోనే ఉంటుంది. కింది తిత్తి మంటకు పనికొచ్చే ప్రతి మందూ గుర్దాకు పనికిరాదు. నైట్రోఫ్యురాంటోయిన్ అనే మందు ఉంది. నీళ్ళలో కలుపుకుని ఒకేసారి తాగే 3 గ్రాముల ఫాస్ఫోమైసిన్ పొడి ఉంది. రెండూ మంచి మందులే. అవి మూత్రంలో బాగా చేరుతాయి గాని గుర్దా కండలో చాలినంత చేరవు. కాబట్టి జ్వరం, నడుము పోటు ఉన్నప్పుడు వాటిని నమ్ముకోకూడదు. పక్కింటి ఆపాకు తగ్గిందని అదే గోలీ మనం వేసుకుంటే, మంట తగ్గినట్టే ఉంటుంది, పైన గుర్దాలో జబ్బు పెరుగుతూనే ఉంటుంది.

రెండో విషయం మోతాదు. మిద్దె మీద నీళ్ళ ట్యాంకును తలచుకోండి. మోటారు వేస్తే నిండుతుంది, వాడుతూ ఉంటే దిగుతుంది. నీళ్ళు ఒక గీత కిందికి దిగితే పై అంతస్తు నల్లాకు రావు. మందు కూడా అంతే. గోలీ వేసుకున్న తరువాత రక్తంలో మందు మట్టం పెరుగుతుంది, తరువాత గంటగంటకూ దిగుతుంది. సూక్ష్మజీవిని అణచడానికి ఒక మట్టం కావాలి. అంతకన్న దిగితే అది మళ్ళీ తల ఎత్తుతుంది. ఒక్కొక్క మందు ఒక్కొక్క వేగంతో దిగుతుంది. అమాక్సిసిలిన్ సుమారు గంటలో సగానికి వస్తుంది, అందుకని దాన్ని రోజుకు మూడుసార్లు ఇవ్వడం మామూలు. సిప్రోఫ్లాక్ససిన్ సుమారు 4 గంటల్లో సగమవుతుంది, దాన్ని 12 గంటలకొకసారి ఇస్తారు. లీవోఫ్లాక్ససిన్ ఇంకా నిదానంగా దిగుతుంది, దాన్ని రోజుకు ఒక్కసారే ఇస్తారు. పూటకొకటి అని డాక్టరు రాసింది అలవాటు కొద్దీ రాసింది కాదు, ఈ లెక్కను బట్టి రాసింది. పొద్దున మరచిపోయి రాత్రి రెండూ కలిపి మింగితే లెక్క సరిపోదు. మరచిన గోలీ గుర్తుకు రాగానే వేసుకోవాలి. తరువాతి గోలీకి వేళ దగ్గరపడి ఉంటే మరచినదాన్ని వదిలేయాలి, రెండు కలపకూడదు. వేసుకున్న వెంటనే వాంతి అయితే డాక్టరును అడగాలి.

మూడోది రోజుల లెక్క. గుర్దాల ఇన్‌ఫెక్షన్‌కు ఒకప్పుడు రెండు వారాల మందు ఆనవాయితీ. పరీక్షలు జరిగేకొద్దీ కొన్ని మందులకు అంత అవసరం లేదని తేలింది. సిప్రోఫ్లాక్ససిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు చొప్పున 7 రోజులు ఇచ్చినా, 14 రోజులు ఇచ్చినా స్త్రీలలో ఫలితం దాదాపు ఒకటేనని 2012లో స్వీడన్ వైద్యులు ప్రకటించారు. లీవోఫ్లాక్ససిన్ 750 మిల్లీగ్రాములు రోజుకొకటి చొప్పున 5 రోజులు అన్నది కూడా పుస్తకాల్లో ఉన్న లెక్కే. కోట్రైమాక్సజోల్ పెద్ద గోలీని రోజుకు రెండు చొప్పున 14 రోజులు ఇవ్వడం పాత పద్ధతి. సెఫాలెక్సిన్ వంటి మందులకు 7 నుంచి 10 రోజులని బ్రిటన్‌లో 2018లో వెలువడిన సూచనలు చెబుతున్నాయి. ఈ అంకెలు చెప్పింది ఇంటికి పోయి కొనుక్కోమని కాదని మరీ మరీ మనవి చేస్తున్నాము. మందు మారితే రోజులు మారతాయని తెలియడానికే చెప్పాము. ఒకరికి 5 రోజులు, ఒకరికి 10 రోజులు రాస్తే డాక్టరు తేడా చేశాడని అనుకోవద్దు. జ్వరం సాధారణంగా రెండు మూడు రోజుల్లో దిగుతుంది. జ్వరం దిగింది అంటే జబ్బు దారికి వచ్చిందని అర్థం, పోయిందని కాదు. రాసినన్ని రోజులూ వాడాలి. మూడు రోజులైనా జ్వరం దిగకపోతే గోలీలు పూర్తయ్యేవరకు ఆగకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. రాయి అడ్డం పడి ఉండవచ్చు, చీము గడ్డ కట్టి ఉండవచ్చు, ఆ మందు పని చేయని సూక్ష్మజీవి అయి ఉండవచ్చు.

ఇక్కడ మన పెద్దవారికి ఒక సందేహం ఉంటుంది. సూది పడితేనే గదా జబ్బు తగ్గేది, గోలీలతో ఏమవుతుంది అని. సిప్రోఫ్లాక్ససిన్ మింగితే దాదాపు 70 శాతం, లీవోఫ్లాక్ససిన్ అయితే దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరుతుంది. సూక్ష్మజీవి ఆ మందుకు లొంగేదై, కడుపులో గోలీ నిలిచితే, గోలీ సూదికి తీసిపోదు. అయితే మన దేశంలో చిక్కు మొదటి షరతు దగ్గరే వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి 2013 నుంచి మందులకు లొంగని సూక్ష్మజీవుల మీద నిఘా నడుపుతున్నది. పెద్ద ఆస్పత్రుల నుంచి వచ్చిన ఎషెరీషియా కోలై నమూనాల్లో సగానికి పైగా సిప్రోఫ్లాక్ససిన్‌కు లొంగడం లేదని ఆ నివేదికలు చూపుతున్నాయి. ఇటువంటి సూక్ష్మజీవులు నూటికి పదికి మించిన చోట, గోలీతో పాటు మొదట ఒక సూది మందు కూడా ఇవ్వాలని అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2011లో సూచించింది. మన దగ్గర ఆ పది ఎప్పుడో దాటిపోయింది. అందుకే ఇవాళ మన డాక్టర్లు చాలామందికి ముందు సూదితో మొదలుపెట్టి, మూత్రం కల్చర్ రిపోర్టు వచ్చాక తగిన గోలీకి మారుస్తున్నారు. డబ్బు గుంజడానికి సూది వేశాడని తొందరపడి అనవద్దు.

ఆ కల్చర్ పరీక్షే ఈ వైద్యానికంతటికీ తాళంచెవి. మొదటి గోలీ మింగకముందే మూత్రం ఇవ్వాలి. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబువారు ఇచ్చిన డబ్బాలో పట్టి, గంటా రెండు గంటల్లో చేర్చాలి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అందులో మందుల పేర్ల పక్కన ‘ఎస్’ అని ఉంటే లొంగుతుందని, ‘ఆర్’ అని ఉంటే లొంగదని అర్థం. నాలుగు గోలీలు ముందే మింగి పరీక్షకు పోతే రిపోర్టులో ఏమీ తేలకపోవచ్చు. డబ్బూ పోయె, దారీ దొరకకపోయె!

సూక్ష్మజీవులు ఇంత మొండివి ఎందుకయ్యాయి? పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ బహుమానం అందుకున్నప్పటి ఉపన్యాసంలోనే దీన్ని హెచ్చరించాడు. గొంతు నొప్పి వచ్చిన ఒక మనిషి తనంతట తానే మందు కొని, చాలీచాలకుండా వాడి, సూక్ష్మజీవులను చంపకుండా వాటికి చదువు నేర్పినట్టు చేసి, ఆ మొండి జబ్బును భార్యకు అంటిస్తాడని ఒక ఉదాహరణ చెప్పాడు. మరి మూడేళ్ళకు, 1948లో, ఆరియోమైసిన్ అనే మందు లోకానికి అందింది. దాన్ని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనశాలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ యాంటీబయాటిక్ మందుల వెలుగులో మన తెలుగువాడి చేయి ఉంది. ఆ వెలుగును ఆర్పే పనిలో కూడా మన చేయి ఉండకూడదు.

మన నగరం మందులకు పుట్టినిల్లు. ఆ వైభవానికి ఒక నీడ కూడా ఉంది. మందుల కర్మాగారాల మురుగు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్టు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. అది మనిషి మందు వేసుకున్నప్పుడు రక్తంలో ఉండే మట్టానికి ఎన్నో రెట్లు ఎక్కువ. వాగుల్లోకి మందు పోవడం ఆపించడం ప్రభుత్వం పని, దాన్ని గట్టిగా అడగడం మన పని. మన అలమారులో మిగిలిన గోలీల లెక్క మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు, అది మన చేతిలోనే ఉంది.

చట్టం కూడా ఉన్నది. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్ 1 అనే నిబంధన అమలులోకి వచ్చింది. సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్, లీవోఫ్లాక్ససిన్ వంటి మందులు ఆ జాబితాలో ఉన్నాయి. వాటి మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చిందీ షాపువారు రిజిస్టరులో రాసి 3 ఏళ్ళు ఉంచాలి. మన యువకుల్లో మెడికల్ షాపులు నడిపేవారు, వాటిలో పనిచేసేవారు ఉన్నారు. భాయ్, రెండే ఇయ్యి చాలు అని వచ్చినవాణ్ణి కసురుకోకుండా, చీటీ తెచ్చుకోమని నచ్చజెప్పి పంపితే అది కూడా ఖిద్మతే.

ఇప్పుడు తిండి, ఉపవాసం మాట. సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ గోలీలను పాలతో, పెరుగుతో, కాల్షియం గోలీలతో, రక్తం పట్టడానికి ఇచ్చే ఇనుము గోలీలతో, గ్యాస్ మందులతో కలిపి వేసుకోకూడదు. అవి కడుపులోనే మందును పట్టేసుకుంటాయి, రక్తంలోకి పోనివ్వవు. నిండు మోతాదు మింగినా సగం మోతాదు మింగినట్టే అవుతుంది. ఎన్ని గంటల ఎడం ఉంచాలో డాక్టరును గాని షాపులోని ఫార్మసిస్టును గాని అడగండి. ఇఫ్తార్‌లో పాల షర్బత్‌తో గోలీ మింగేవారు ఇది బాగా గుర్తు పెట్టుకోవాలి. రోజుకు మూడుసార్లు వేసుకోవలసిన మందును సహరీకి, ఇఫ్తార్‌కు సర్దడం కుదరదు. పైగా గుర్దాల జబ్బులో జ్వరంతో, వాంతులతో ఒంట్లో నీళ్ళు తగ్గుతాయి. పగలంతా నీళ్ళు లేకుండా ఉండడం మంచిది కాదు. రోగికి రోజా విషయంలో సడలింపు ఉన్నదనీ, తరువాతి రోజుల్లో తీర్చుకోవచ్చుననీ సూరె బఖరాలో స్పష్టంగా ఉంది. అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటును తీసుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. సందేహం ఉన్నవారు డాక్టరును అడగండి, ఆలిమ్‌గారిని అడగండి, ఇద్దరినీ అడగండి.

కొందరికి ఇంట్లో గోలీల వైద్యం అసలే తగదు. గర్భిణికి చలిజ్వరం, నడుము పోటు వస్తే ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపోవాలి. సిప్రోఫ్లాక్ససిన్ జాతి మందులు గర్భిణులకు మామూలుగా ఇవ్వరు. పసిపిల్లలకు మోతాదు బరువును బట్టి కడతారు, పెద్దవారి గోలీని విరిచి పెట్టకూడదు. ముందునుంచే గుర్దాలు బలహీనంగా ఉన్నవారికి కొన్ని మందులు తగ్గించి ఇవ్వాలి. అందుకని క్రియాటినిన్ రిపోర్టు ఉంటే డాక్టరుకు తప్పకుండా చూపించండి. షుగరు మందులు వాడేవారికి సిప్రో జాతి మందులతో షుగరు బాగా పడిపోయే ప్రమాదం ఉంది. మడమ దగ్గర నరం లాగినట్టు నొప్పి వస్తే ఆ మందు ఆపి వెంటనే చెప్పాలి. ఇంకొకటి. నడుము నొప్పి అని డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వంటివి సొంతంగా మింగకండి, అవి గుర్దాల మీద భారం వేస్తాయి. వాంతులతో గోలీ నిలవకపోయినా, మూత్రం తగ్గిపోయినా, మనిషి మగతగా ఉన్నా ఇంట్లో కూర్చోవద్దు. పాత ముషీరాబాద్ జైలు స్థలంలో 2003 నుంచి ఉన్న గాంధీ ఆస్పత్రి మనకు ఆటోలో కొద్దిసేపటి దారి. చిన్న జబ్బులకు 2018 నుంచి నగరంలో వెలసిన బస్తీ దవాఖానాలు ఉన్నాయి. రాత్రివేళ ఎవరు తోడు వస్తారని ఆలోచించే ఇళ్ళకు మన సంఘం యువకులు తోడు నిలవాలి.

చివరగా సంఘంవారికి మా మనవి. సగం గోలీలతో ఆపేసేవారందరూ తెలియక ఆపడం లేదు. చాలామంది డబ్బు లేక ఆపుతున్నారు. రోజు కూలీ మీద బతికే మనిషి రెండు రోజుల మందు కొని, జ్వరం దిగగానే పనికి పోతాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. కాబట్టి మన సహాయ నిధి నుంచి ఏటా చేసే ఖర్చులో ఒక చిన్న భాగాన్ని ఇందుకు ప్రత్యేకించాలి. డాక్టరు చీటీ తెచ్చిన పేదవారికి, ఏ మతంవారైనా సరే, కల్చర్ పరీక్ష ఖర్చు, చీటీలో ఉన్నన్ని గోలీలు పూర్తిగా ఇప్పించాలి. సగం మందు ఇప్పించి సాయం చేశామని అనుకోకూడదు. జకాత్ సొమ్మును ఇందుకు ఎవరికి, ఏ విధంగా ఇవ్వాలో ఉలమాలను అడిగి నిర్ణయించండి. మిగతాదానికి సాధారణ విరాళాలు ఉన్నాయి. జన్ ఔషధి దుకాణాల్లో పేరు పెద్దది కాకపోయినా అదే మందు తక్కువ ధరకు దొరుకుతుంది, చీటీ రాసేటప్పుడే డాక్టరును ఆ మాట అడగవచ్చు. ఈ లెక్కలు చూడడానికి ఒక సోదరుణ్ణి, ఆడవారితో మాట్లాడడానికి ఒక సోదరిని నియమిస్తే మేము చేతనైనంత సాయపడతాము.

మన బస్తీ పేరులోనే మండి ఉంది. మండి అంటే బజారు, బజారు అంటే తూకం ఉండే చోటు. తూకంలో తగ్గించి ఇచ్చేవారిని ఖురాన్ షరీఫ్ గట్టిగా హెచ్చరించిందని చిన్నప్పటి నుంచి మనకు నేర్పారు. అవతలివాడికి తక్కువ తూచితే పాపమని మనందరికీ తెలుసు. మన ఒంటికి మనమే తక్కువ తూచుకుంటున్న సంగతి మాత్రం గమనించడం లేదు. వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) బోధించారు. ఆ వైద్యాన్ని నిండు తూకంతో చేయించుకుందాం. ఇంటికి పోగానే అలమారు తెరిచి, మిగిలిన యాంటీబయాటిక్ గోలీలు ఉంటే పక్కకు తీయండి. వాటిని మరొకరికి ఇవ్వకండి, మరొకసారికి దాచకండి.

 అల్లాహ్ మన అందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.